మార్జిను దాటిన సంతకం

మా బావ నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగడు. నోటీసు ఇస్తాడు.

వృత్తిరీత్యా లాయరు కాబట్టి బాకీదార్లకి నోటీసులివ్వడంలో వింతేమీ లేదు. ఊళ్ళోవాళ్ళ మొండి బాకీలు వసూలు చేసిపెట్టడమే ఆయన ప్రాక్టీసు. కానీ మా బావ పాలవాడికీ నోటీసు ఇస్తాడు, ఇస్త్రీ అతనికీ నోటీసు ఇస్తాడు, కట్టుకున్న పెళ్ళానికీ నోటీసు ఇస్తాడు. ప్రతి నోటీసుకీ పదిహేను రోజుల గడువు. గడువు దాటితే చట్టరీత్యా చర్య. అందుకయ్యే ఖర్చులకి అవతలివాళ్ళే బాధ్యులు. ఈ మాటలన్నీ పదకొండేళ్ళుగా టైపు కొడుతున్న బామ్మర్దిని నేనే. దాయాది చావు కోరతాడు, బామ్మర్ది బతుకు కోరతాడు అంటారు. మా బావ బతుకు నేను కోరిన మాట నిజమే గానీ, కొన్ని మధ్యాహ్నాలు టైపు మిషను ముందు కూర్చుని, దాయాదిగా పుట్టినా బాగుండేదే అనుకున్నాను.

ఈ జబ్బు పెళ్ళికి ముందు నుంచే ఉంది. సంబంధం కుదిరిన కొత్తలో మా అక్కకి ఆయన రాసిన మొదటి ఉత్తరం రిజిస్టరు పోస్టులో వచ్చింది. 'యిందుమూలముగా తమరికి తెలియజేయడమేమనగా, తమరిని చూచిన నాటినుండి ఈ క్రింద సంతకము చేసినవానికి నిద్ర కరువైనది. కావున ఈ నోటీసు అందిన పదిహేను రోజులలోగా తమరి అభిప్రాయము తెలుపవలెను. లేనియెడల తమరికి సమ్మతమేనని భావించడమగును.' అంతటితో ఆగాడా అంటే లేదు. కింద 'నకలు: తమరి తండ్రిగారికి' అని ఉంది. ఆ నకలు చదివి మా నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇతను మన పిల్లని సుఖపెడతాడో లేదో తెలీదు గానీ, రసీదు మాత్రం ఇస్తాడు," అన్నాడు.

అక్క ఏ జవాబూ రాయకుండా పదహారో రోజు దాకా ఊరుకుంది. ఊరుకుని, పెళ్ళి చేసుకుంది.

కాపురంలో కూడా అదే వరస. కూరలో ఉప్పు తక్కువైతే మామూలు మొగుడు మొహం ముడుచుకుంటాడు. మా బావ భోంచేసి, చెయ్యి కడుక్కుని, నన్ను పిలిచి నోటీసు టైపు చేయించేవాడు. అక్క దాని వెనకే రాసి పంపేది: 'ఉప్పు డబ్బా తమరి ఎడమచేతి పక్కనే ఉన్నది. చెయ్యి చాపవలెను.'

ఇవ్వడంలో ఇంత ధారాళంగా ఉండే మనిషి, పుచ్చుకోవడంలో మాత్రం మహా పేచీకోరు. ఆయన చేతికి ఏ కాగితమిచ్చినా ముందు స్కేలు తీస్తాడు. అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పున ఎర్రసిరాతో గీత గీస్తాడు. రాత గానీ సంతకం గానీ ఆ గీత తాకిందంటే, ఆ కాగితం ఎవరిచ్చారో వాళ్ళ దగ్గరికే పోతుంది. దాని మీద ఎర్రగా రెండు ముక్కలుంటాయి: 'సంతకం మార్జిను దాటింది. తిరస్కరించడమైనది.' ఒకసారి నాకు జ్వరం వస్తే సెలవు చీటీ రాసిచ్చాను. తిప్పి పంపాడు. మళ్ళీ రాశాను, మళ్ళీ పంపాడు. మూడో చీటీ ఆమోదం పొందేసరికి జ్వరం తగ్గి ఆఫీసులోనే ఉన్నాను.

పక్కింటి పిల్లి సంగతి కూడా చెప్పాలి. అది మా ఆఫీసు కిటికీలో పడుకుని ఫైళ్ళ మీద బొచ్చు రాలుస్తోందని బావ పక్కింటి డ్రిల్లు మేష్టారికి నోటీసు పంపాడు. మేష్టారు పుచ్చుకోనన్నాడు. పుచ్చుకోకపోతే తలుపుకి అంటించి రావాలని చట్టం. మండుటెండలో బావ నోటీసు పట్టుకుని, నేను గమ్ము సీసా పట్టుకుని వెళ్ళి అంటించి వచ్చాం. ఆ గమ్ము బావే ఇంట్లో కాచేవాడు, దాని వాసన వీధి చివరికి కొట్టేది. మర్నాటికి నోటీసు లేదు. పిల్లి దాన్ని అంచుల నుంచి నాక్కుంటూ వచ్చి చింపి పారేసింది. ఆ రుచి మరిగి, అంతకుముందు రోజుకోసారి వచ్చే పిల్లి అప్పట్నుంచి మా ఆఫీసులోనే కాపురం పెట్టింది.

ఇంటిపనులకే ఇంత చేస్తే, వృత్తిలో ఆయన ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు. గొంతు పెంచడు, బెదిరించడు, తమరూ తమరూ అంటూనే కోర్టు మెట్లెక్కిస్తాడు. ముందు నోటీసు, తర్వాత దావా, తర్వాత డిక్రీ, అప్పటికీ కట్టకపోతే జప్తు. ఓసారి ఒక ఫర్నిచరు ఆసామీ ఇంటికి కోర్టు అమీనుతో కలిసి జప్తుకి వెళ్ళాం. ఆసామీ ఊళ్ళో లేడని అతని భార్య చెప్పింది. అమీను బీరువా తలుపు తీస్తే లోపల కోట్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడేం రాయమంటారు సార్?" అని అమీను అడిగాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నాడు బావ. "చెక్క బీరువా ఒకటి. లోపల బాకీదారు ఒకడు. బాకీదారుకి విలువ కట్టలేదు."

ఆసామీ బీరువాలోంచే చెక్కు రాసిచ్చాడు. బావ స్కేలు తీసి, సంతకం చూసి, బయటికొచ్చి వెలుతురులో ఇంకోటి రాయమన్నాడు.

ఇక గడువుల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసులో ఒక్క తారీకు తప్పలేదు. కోర్టులో కాగితాలు తీసుకునే గుమాస్తా, బావ కిటికీ దగ్గరికి రాగానే తన చేతిగడియారం సరిచేసుకునేవాడు.

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు మా బైండింగు మేస్త్రి.

మేస్త్రి మా ఆఫీసు వెనక సందులోనే ఉండేవాడు. బావ చట్టం పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది అతనే. భార్య కాగితాలు కుట్టేది, అతను అంచులు కోసేవాడు. బైండుకి వచ్చిన ప్రతి పుస్తకం చదివి గానీ అట్ట వేసేవాడు కాదు, అందుకే పని ఆలస్యమయ్యేది గానీ మాట్లాడితే సగం లాయరులా ఉండేవాడు. కాగితం కోసే పెద్ద మిషను కొనుక్కోవడానికి బావ దగ్గర నలభై వేలు తీసుకుని ప్రోనోటు రాశాడు. ఆ నలభై వేలూ మా అక్క వంటింటి కప్పు బాగుచేయించడానికి దాచుకున్నవి. మిషను వచ్చిన రెండో నెలలోనే దాని కత్తి మేస్త్రి కుడిచేతి బొటనవేలి కొస తీసుకుపోయింది. ఎనిమిది నెలలు పని లేదు. తర్వాత పనికి దిగినా మునుపటి వేగం రాలేదు. అయినా ఆ మిషనుంటేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

ప్రోనోటు రాసిన నాటి నుంచి మూడేళ్ళలోగా కోర్టులో దావా వెయ్యాలి. మూడేళ్ళు దాటితే అప్పుకి కాలదోషం పడుతుంది, ఇక కోర్టు ద్వారా వసూలు చేసుకోలేం. మేస్త్రి దగ్గర జప్తు చేయడానికి ఆ మిషను తప్ప ఇంకేముంది? దావా పడితే ఆ మిషనే పోతుందని నా భయం. బావ మాత్రం నెలనెలా అతనికి నోటీసు టైపు చేయించేవాడు. ఆ నోటీసులు కొట్టిన రోజున నాకు మేస్త్రి ఇంటి ముందు నుంచి నడవడానికి మొహం చెల్లేది కాదు.

మేస్త్రి రోషగాడు. మొదటి నోటీసు అందగానే అయిదు వందలు జేబులో పెట్టుకుని వచ్చాడు.

"ప్రస్తుతానికి ఇవి జమ కట్టుకోండి లాయరుగారూ."

"మడత నోట్లు," అన్నాడు బావ వాటిని ముట్టుకోకుండా. "మడత నోట్లు పుచ్చుకోను."

మేస్త్రి వెళ్ళి ఆ నోట్లని పుస్తకాలు అదిమే ప్రెస్సులో రెండు రోజులు పెట్టి, అప్పుడే అచ్చేసినట్టు తెచ్చాడు.

"మరీ నున్నగా ఉన్నాయి. అనుమానంగా ఉంది. అయినా కడితే నలభై వేలూ ఒక్కసారి కట్టాలి, లేదంటే ఒక్క పైసా వద్దు."

మనియార్డరు పంపాడు. తిరిగిపోయింది. చివరికి పాపం కాగితం మీద రాసుకొచ్చాడు: నేను తమరికి నలభై వేలు బాకీ ఉన్న మాట వాస్తవం, త్వరలో తీర్చుకుంటాను, ఇట్లు. కొస లేని బొటనవేలితో పెట్టిన సంతకం కదా, కాస్త పక్కకి వాలింది. బావ స్కేలు తీశాడు. ఎర్రగీత గీశాడు.

"సంతకం మార్జిను దాటింది."

"వెంట్రుకవాసి దాటిందండీ!"

"దాటిందా లేదా?"

మేస్త్రి వారం రోజులు కూర్చుని సంతకం సాధన చేసి, ఈసారి నాలుగు వేళ్ళ మార్జిను వదిలి ఇంకో కాగితం తెచ్చాడు. మార్జిను మరీ ఎక్కువైందని బావ అదీ తిప్పికొట్టాడు. మేస్త్రి మొహం ఎర్రబడింది. కాగితం జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. అది చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, అసలు నీకు గుండె ఉందా?"

"ఉందోయ్. ఎడమవైపు. మార్జిను లోపలే ఉంది."

ఆ మాటకి నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు నోటీసు వచ్చింది, మాట్లాడక తప్పలేదు.

మూడేళ్ళు నిండే రోజు రానే వచ్చింది. దావా కాగితాలన్నీ నేనే టైపు చేశాను. కోర్టు కిటికీ నాలుగున్నరకి మూస్తారు, మా ఆఫీసు నుంచైనా ఇంటి నుంచైనా నడిస్తే పది నిమిషాలు. మామూలుగా అయితే బావ పొద్దున పదింటికే వెళ్ళి నిలబడతాడు. ఆ రోజు మధ్యాహ్నం నన్నూ వెంటబెట్టుకుని ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఇంట్లో గోడ గడియారం నాలుగు కొట్టాక తాపీగా లేచి, "పద," అన్నాడు. వీధిలోకొచ్చాక తాళం సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి రెండు బూట్లకీ పాలిషు పెట్టించుకున్నాడు. పాత కక్షిదారు ఒకాయన ఎదురైతే, ఆయన మోకాళ్ళ నొప్పి గురించి మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. పదకొండేళ్ళలో మా బావ ఒకరి మోకాలు గురించి వినడం అదే మొదలు.

నా పరిస్థితి ఏం చెప్పను! మేస్త్రి మిషను దక్కాలని ఒకవైపు, బావ తారీకు తప్పితే లోకమే తల్లకిందులవుతుందేమోనని ఇంకోవైపు. ఆయనకి వంట్లో బాగాలేదేమోనని కూడా అనిపించింది. మేం వెళ్ళేసరికి కిటికీ మూసి ఉంది. గుమాస్తా సంచీ సర్దుకుంటూ మమ్మల్ని చూసి కొయ్యబారిపోయాడు.

"సార్, మీరా? ఆలస్యంగానా? ఫర్వాలేదు ఇటివ్వండి సార్. గడియారం ఓ అరగంట వెనక్కి తిప్పితే సరి. మీకోసం ఆమాత్రం చెయ్యలేనా?"

బావ నిప్పు తొక్కినట్టు ఎగిరిపడ్డాడు.

"కోర్టు గడియారాన్ని వెనక్కి తిప్పుతావా? నీకెంత ధైర్యం! రేపే నీకు నోటీసు పంపిస్తా!"

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆయన ఈలపాట పాడినట్టు నాకు గుర్తు. షాకులో అలా అవుతుందనుకున్నాను.

మర్నాడు మేస్త్రికి ఆఖరి నోటీసు వెళ్ళింది. 'యిందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ క్రింద సంతకము చేసినవాని నిర్లక్ష్యము వలన తమరి బాకీకి కాలదోషము పట్టినది. కావున ఇకమీదట తమరు సదరు సొమ్ము చెల్లించుటకు గాని, చెల్లింతునని వ్రాసి ఇచ్చుటకు గాని ప్రయత్నించినయెడల, తమరిపై చట్టరీత్యా చర్య తీసుకొనబడును. అందుకగు ఖర్చులకు తమరే బాధ్యులు.'

నోటీసు అందిన పావుగంటలో మేస్త్రి ఆఫీసులో ఉన్నాడు.

"ఏంటండీ ఇది లాయరుగారూ! ఇన్నేళ్ళ ప్రాక్టీసు, ఒక్క తారీకు గుర్తుపెట్టుకోలేరా? నా అప్పంటే అంత చులకనగా ఉందా మీకు?"

"పొరపాటైపోయింది మేస్త్రీ," అన్నాడు బావ తల వంచుకుని. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే ప్రథమం.

"పొరపాటంటే సరిపోతుందా? ఆరువేలు కూడబెట్టా. ముందు ఇవి తీసుకోండి."

"చట్టం ఒప్పుకోదు."

"ఏ చట్టమండీ? ఆ పుస్తకం బైండు చేసింది నేను. చదివింది నేను. ఇచ్చిన బాకీ పుచ్చుకోకూడదని అందులో ఎక్కడా లేదు. తియ్యండి చూద్దాం!"

బావ ఏమాత్రం తొణక్కుండా అలమరలోంచి పుస్తకం తీసి ముందుకు తోశాడు. మేస్త్రి పేజీలు తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట అతని వేలు ఆగింది. అక్కడ కాగితం మందంగా తగిలింది. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఇంతలో కిటికీలోంచి పిల్లి ఒక్క దూకు దూకి బల్ల మీదికొచ్చి, ఆ పేజీ అంచు పట్టుకుని ఆవురావురుమంటూ నాకడం మొదలుపెట్టింది.

మేస్త్రి పిల్లిని చూశాడు. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత బావని చూశాడు. బావ తలెత్తి ఫ్యాను వంక శ్రద్ధగా చూస్తున్నాడు. ఫ్యాను తిరగడం లేదు.

మేస్త్రి నెమ్మదిగా పుస్తకం మూసి, అట్టని చేత్తో ఓసారి నిమిరాడు.

"చట్టమే అలా ఉంటే మనమేం చేస్తామండీ," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇకమీదటైనా తారీకులు సరిగ్గా చూసుకోండి. ఇలా ఉంటే ప్రాక్టీసు ఎలా సాగుతుంది?" అని గట్టిగా మందలించి, తలెత్తుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు దగ్గర మాత్రం ఆగి ముక్కు చీదుకున్నాడు.

బావ టీ తాగడానికి లేవగానే నేను పిల్లిని తోసేసి, ఆ పేజీల మధ్య చాకు పెట్టి విడదీశాను. అవన్నీ నేను ఎన్నోసార్లు టైపు కొట్టిన సంగతులే. టైపు కొట్టేవాడు వేళ్ళతో చదువుతాడు గానీ బుర్రతో చదవడు. కాలదోషం పట్టిన బాకీని బాకీదారు తనంతట తాను తీరిస్తే నిక్షేపంలా పుచ్చుకోవచ్చునట. అది ఒకటి. గడువు లోపల కాస్త సొమ్ము ముట్టచెప్పి ఆ ముక్క రాసిచ్చినా, బాకీ ఉన్నానని సంతకం పెట్టినా, మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుందట. అంటే మేస్త్రి ప్రోనోటు వెనక జమ రాసి ఇవ్వడానికి తెచ్చిన ఆ మడత నోట్లు, ఆ వాలిపోయిన సంతకం, ఏ ఒక్కటి పుచ్చుకున్నా మేస్త్రి మెడకి అప్పు ఇంకో మూడేళ్ళు చుట్టుకునేది. బావ దేన్నీ చుట్టుకోనివ్వలేదు. నోటీసులు మాత్రం ఎన్ని పంపినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అందుకే అన్ని పంపాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడేళ్ళు ఈ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో తలుచుకుంటే సిగ్గేసింది.

"బావా," అన్నాను ఆయన తిరిగిరాగానే, "ఇస్తే పుచ్చుకోవచ్చని ఇక్కడుందిగా."

"ఎక్కడ?"

"ఈ పేజీలో."

"ఆ పేజీ బైండింగులో పోయింది," అన్నాడు బావ. గమ్ము సీసా తీసుకుని, నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, మళ్ళీ అంటించాడు.

సాయంత్రం అక్కని అడిగాను. ఆవిడ వంటింట్లో కప్పు కారే చోట బకెట్టు జరుపుతోంది.

"అంతా తెలుసురా. వేలు తెగిన రోజునే మీ బావ వెళ్ళి, బాకీ వదిలేస్తున్నానని మేస్త్రికి చెప్పారట. నా చేతికి కట్టు కట్టారు గానీ అడుక్కునే చిప్ప ఇవ్వలేదండీ అని మేస్త్రి తలుపేసుకున్నాడట. అప్పుడు వచ్చి నాకు నోటీసు ఇచ్చారు, కప్పు ఇంకో మూడేళ్ళు కారితే అభ్యంతరమా అని."

"నువ్వేమన్నావ్?"

"పదహారో రోజు దాకా ఊరుకున్నా." అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుని, డబ్బాల వెనక నుంచి ఇంకో కాగితం తీసింది. "ఇది నిన్న పొద్దున ఇచ్చింది చూడు."

'ఈ దినము గోడ గడియారమును ఇరవై నిమిషములు వెనుకకు త్రిప్పవలెను. లేనియెడల...' అని ఉంది.

ఆ తర్వాత మా ఆఫీసులో పాత పుస్తకాలన్నీ ఒక్కొక్కటే మాయమై, కొత్త అట్టలు తొడుక్కుని తిరిగి రావడం మొదలైంది. బిల్లు మాత్రం రాలేదు. బావ రెండు నెలలు చూసి, ఉండబట్టలేక మేస్త్రికి రిజిస్టరు నోటీసు పంపాడు: పదిహేను రోజులలోగా బిల్లు పంపవలెను, లేనియెడల చట్టరీత్యా చర్య, ఖర్చులకు తమరే బాధ్యులు.

నాలుగో రోజు ఆ నోటీసే తిరిగొచ్చింది. అంచున రెండు వేళ్ళ వెడల్పున చక్కటి ఎర్రగీత, దాని పక్కన గుండ్రటి అక్షరాలు: 'సంతకం మార్జిను దాటింది. తిరస్కరించడమైనది.'

బావ స్కేలు తీసి కొలిచాడు. నిజంగానే తన సంతకం దాటింది, వెంట్రుకవాసి. కింద మేస్త్రి సంతకం మాత్రం గీతకి ఇవతల ఎక్కడా వాలకుండా నిటారుగా ఉంది. బావ దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"మేస్త్రికి చెయ్యి తిరిగిందోయ్," అన్నాడు.